వీణల కొట్టు పెట్టాలనుకుంటున్న అబ్బాయికి

తిరుపతి

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

మాధవమాలలో నేర్చిన చెక్కపనితో తిరుపతిలో వీణలు చేసే కొట్టు పెడతావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషించాను. వీణ కొసన ఉండే యాళి (సింహంలాంటి ఊహాజంతువు) ముఖం నువ్వు చెక్కితే వంక పెట్టేవాడుండడు. కానీ వీణ కొనేవాళ్లు ముందు చెవితో చూస్తారు. అందుకే నా మాట విను: మొదట కొత్త వీణ జోలికి పోవద్దు. రిపేర్లు పట్టు, ముఖ్యంగా మేళం కట్టే పని, అంటే మైనం మీద మెట్లు నిలబెట్టే పని పట్టు.

తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండి (వీణ పొడవాటి మెడ) మీద రెండు గట్లలా పరిచి, వాటి మీద 24 మెట్లు ఒక్కొక్కటే ఒత్తి నిలబెట్టడం నువ్వు చూసే ఉంటావు. మన ఎండలకు ఆ మైనం మెత్తబడుతుంది. మెట్టు కాస్త జరిగితే చాలు, గాంధారం (గ స్వరం) గాంధారంలా పలకదు. ఇక్కడ శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, ఇళ్లలో పాఠాలు చెప్పే టీచరమ్మలున్నారు. వీణ బాగుచేయించడానికి దూరం మోసుకెళ్లడం వాళ్లకు పెద్ద టెన్షన్. నువ్వు దగ్గర్లో ఉంటే నీ దగ్గరికే వస్తారు.

మెట్లు స్కేలు పెట్టి కొలిచి నిలబెట్టొద్దు. వేలితో నొక్కినప్పుడు తీగ బిగుస్తుంది, స్వరం కొంచెం పైకి పోతుంది. మెట్టుకూ తీగకూ మధ్య ఎడం ఎక్కువైతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ముందు కొత్త తీగలు వేసి, ఆ మనిషి వాయించే శ్రుతిలో పెట్టు, తర్వాతే మైనం పని మొదలుపెట్టు. 12వ మెట్టు మీద సారణి, అంటే ప్రధాన తీగ, నొక్కితే నొక్కని తీగ పలికే షడ్జానికి (స) సరిగ్గా పై షడ్జం పలకాలి. అది కుదిరాక మిగతావి. తీగ మరీ ఎత్తుగా ఉంటే గమకం (స్వరాన్ని ఊపడం) కోసం తీగ లాగలేక వేళ్లు కోసుకుపోతాయి, మరీ కిందికుంటే పక్క మెట్టుకు తగిలి జరజరమంటుంది. ఈ రెంటి మధ్య చోటు చెవికే తెలియాలి. కాబట్టి నువ్వు కూడా ఒక టీచరమ్మ దగ్గర వీణ నేర్చుకో. కచేరీ చెయ్యనక్కర్లేదు, సరళీ వరసలు, గీతాలు వాయించగలిగితే చాలు.

కర్ర సంగతి. వీణకు పనసే. ముదురు చెట్టుది, నీడలో బాగా ఆరినది కావాలి. పచ్చిది తొలిస్తే తర్వాత పగులుతుంది, లేదా దండి వంగుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగలో వీణ మొత్తం తొలుస్తారు. వాళ్లు దుంగ ఎలా ఎంచుతారో వెళ్లి చూడు, కొన్నాళ్లు అక్కడే ఉండు.

ఎర్రచందనం ముక్క చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే గుమ్మం ఎక్కనివ్వకు. మన శేషాచలం చెట్టునే జపాన్‌లో షామిసెన్ అనే తీగల వాద్యం మెడకు వాడతారు, అంత మంచి కర్ర. అయినా అటవీశాఖ కాగితం లేని ముక్క కొట్లో దొరికితే నీ బతుకు కోర్టుల చుట్టూ తిరుగుతుంది. మీ అమ్మ తట్టుకోలేదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకో. ఎవరి వీణ, ఏ శ్రుతి, ఏ తీగలు వేశావు, మేళం ఎప్పుడు కట్టావు, అన్నీ రాయి. వీణ ఇచ్చేముందు వాళ్లనే కూర్చోబెట్టి వాయించమను. బాగుందని వాళ్ల నోటితో చెప్పాకే డబ్బు తీసుకో. చేతిలో పని నిలకడగా ఉన్నప్పుడు కొత్త వీణ మాట ఎత్తు, దుంగ కొనడానికి నేనూ నీతో వస్తాను.

ఇట్లు,
మీ తాత స్నేహితుడు