కాపలా పడకకి ఒప్పుకునే ముందు

రాయగడ

చిరంజీవి అమ్మలుకి మేనత్త ఆశీస్సులు.

పుష్యమాసం అంతా కోరాపుట్‌లో ఒక ఒడియా మాస్టారింట్లో కాపలా ఉండటానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వాళ్లు కూతురి పురుటికి బెంగళూరు వెళ్తున్నారట, ఇంట్లో ఒక కుక్కా ఒక పిల్లీ ఉన్నాయట. మంచి పనే, నీ పరీక్షకి చదువుకోడానికి కాస్త ఏకాంతం దొరుకుతుంది. డబ్బెంతో, కుక్కకి ఏ వేళ ఏం పెట్టాలో, గ్యాస్ అయిపోతే ఎవరికి చెప్పాలో అన్నీ అడిగావు, బాగుంది. రాత్రి ఎక్కడ పడుకుంటావని మీ అమ్మ అడిగితే మాత్రం "ఎక్కడో ఒకచోట సర్దుకుంటాలే" అన్నావట. ఆ మాట విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మీ మావయ్య పోయిన దగ్గర్నుంచి నేను చేస్తున్నది ఈ పనే. రైల్వేవాళ్లు, పేపర్ మిల్లువాళ్లు, బ్యాంకువాళ్లు సెలవులకి ఊరెళ్తే ఇల్లు చూసుకోమని నన్నే పిలుస్తారు. రాయగడ, జయపురం, పార్లాకిమిడి, ఎన్నో ఇళ్లలో పడుకున్నాను. అందుకే చెప్తున్నాను, తాళంచెవి చేతికి తీసుకునే ముందు నీ పడక చూసుకో.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఒళ్లలిసి వచ్చి ఒక్క రాత్రి నడుం వాల్చేవాళ్లకి అది నిజమే. నెల రోజులు ఒకరి ఇంటిని కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషికి ఆ సామెత వర్తించదు. నిద్ర చాలని మనిషికి స్టవ్ కట్టేసిందీ లేనిదీ గుర్తుండదు. గేటు చప్పుడైతే లేవాల్సిన వేళకి మొద్దునిద్రలో ఉంటుంది. కుక్క ముద్ద ముట్టలేదన్న సంగతి సాయంత్రం దాకా కనిపెట్టదు. నువ్వు మంచి పడక అడిగితే అది వాళ్ల ఇంటి క్షేమం కోసం అడిగినట్టే. మొహమాటపడకు. "అమ్మా, నా పక్క ఏ గదిలో వేసుకోమంటారు? ఒకసారి చూస్తాను" అను, చాలు. మంచివాళ్లయితే వెంటనే చూపిస్తారు. ముఖం ముడుచుకున్నారా, ఆ ఇల్లు వదిలేసుకో.

జయపురంలో ఒక పెద్ద ఇంటివాళ్లు మూడు పడకగదులకీ తాళాలు వేసి, నాకు హాల్లో ఒక చాప, పలచటి దుప్పటి పెట్టి వెళ్లారు. నా నడుం సంగతి అటుంచు. వాళ్ల కుక్కకి రోజూ యజమాని మంచం పక్కన పడుకునే అలవాటు. ఆ గదికి తాళం పడగానే అది తలుపు కింది సందులో ముక్కు ఆనించి లోపలి వాసన పీల్చేది. కాసేపు సన్నగా మూలిగేది, మళ్లీ లేచి కాలితో తలుపు గీరేది. నాలుగైదు రాత్రులు గడిచేసరికి తలుపు అడుగున రంగు లేచిపోయి చెక్క బయటపడింది, దాని గోళ్ల దగ్గర నెత్తురు కనిపించింది. వాళ్లు తిరిగొచ్చి తలుపు పాడైందన్నారే తప్ప అది ఎందుకు గీరిందో అడగలేదు. పాపం ఆ మూగజీవానికి తనవాళ్లు ఎటు పోయారో ఎవరు చెప్తారు?

కాబట్టి నీ పడకతో పాటు కుక్క పడక గురించి కూడా ముందే అడుగు. ఇప్పుడది ఎక్కడ పడుకుంటోంది? మాస్టారి గదిలోనైతే, ఆ గది నీకు ఇస్తారా, లేక కుక్కని నువ్వుండే గదికి అలవాటు చేస్తారా? దంపతుల మంచం మీద పడుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు, వాళ్లు పడుకోమన్నా సరే. అదే గదిలో వేరే మంచం వేయించుకోవచ్చు. అదీ కుదరకపోతే వాళ్లు బయల్దేరే రెండు మూడు రోజుల ముందే కుక్క పక్కబట్ట నీ గదికి మార్చమను. వాళ్లు ఇంట్లో ఉండగా మారితే అది అంతగా బెదరదు. మాస్టారు కట్టి విడిచిన లుంగీ ఒకటి ఉతక్కుండా దాని పక్కలో వేయించు. ఆ వాసన ఉన్నన్నాళ్లూ కుదురుగా ఉంటుంది.

నువ్వు కూడా ఒక రాత్రి ముందే వెళ్లి వాళ్లుండగా అక్కడ పడుకో. కొత్త చోట మొదటి రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్రపట్టదు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీవాళ్లు 2016లో దీని మీద పరిశోధన చేశారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడులో ఎడమ సగం కాస్త మెలకువగా ఉండి, చిన్న చప్పుళ్లు కూడా వింటూ ఉంటుందని తేల్చారు. ఆ రాత్రేదో ఇంటివాళ్లున్నప్పుడే గడిచిపోతే, నువ్వు ఒంటరిగా ఉండే మొదటి రాత్రి తేలిగ్గా ఉంటుంది. ఏ కిటికీ గాలికి కొట్టుకుంటుందో, నీళ్ల ట్యాంకు ఎలా చప్పుడు చేస్తుందో అప్పటికే చెవికి తెలిసి ఉంటుంది.

పరుపుని చేత్తో నొక్కి చూసి బాగుందనుకోకు. దాని మీద పది నిమిషాలు పక్కకి తిరిగి పడుకో, నీకు పడుకునే అలవాటు అలాగే కదా. తుంటి గుంటలోకి దిగిపోయి నడుం వంగితే అది పాత ఫోమ్ పరుపు, నెల తిరక్కుండా నడుం పట్టేస్తుంది. దాని కింద చెక్క పలక వేయించమను, లేదా వేరే పరుపు అడుగు. భుజం, తుంటి ఎముకలు ఒత్తుకుంటే అది కొబ్బరిపీచు పరుపు అయ్యుంటుంది. దానికి చింతలేదు, పైన దళసరి బొంత రెండు మడతలు వేస్తే సరిపోతుంది. దూది పరుపైతే ఎండలో వేసి, కర్రతో దులిపి, తిరగేసి వేసుకో. దిండు మాత్రం నీదే తీసుకెళ్లు. చెవికీ భుజానికీ మధ్య ఖాళీ నిండాలి, అంతకి మించి ఎత్తు వద్దు. బూరుగుదూది దిండు ఒకటి నీ కోసం కుట్టించి ఉంచాను, కొత్తది కొనకు.

దుప్పటి కూడా నీదే, తెల్లది తీసుకెళ్లు. నల్లులుంటే తెల్ల దుప్పటి మీద గోధుమరంగు మరకలు, చిన్న నల్ల చుక్కలు కనబడతాయి. టార్చిలైటు వేసి పరుపు కుట్ల వెంబడి, మంచం కోళ్ల బెజ్జాల్లో చూడు. తిండి లేకుండా నెలల తరబడి బతికే పురుగులవి, ఎవరూ పడుకోని గదిలో ఉండవనుకోకు. నీ బ్యాగు మంచం మీదా నేల మీదా పెట్టకు, కుర్చీ మీద పెట్టు. కుక్కకి పిడుదులున్నాయేమో చెవుల వెనకా, కాలివేళ్ల సందుల్లో చూడమని వాళ్లకి చెప్పు, ఉంటే వాళ్లు వెళ్లేలోపే మందు వేయించాలి.

ఇక చలి. మీ గుణుపురంలో ఉండే చలి లెక్క వేసుకుని వెళ్లకు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, పుష్యమాసంలో పది డిగ్రీల కిందికి దిగే రాత్రులుంటాయి. అక్కడ చలి కింద నుంచి ఎక్కుతుంది, ముఖ్యంగా నవారు మంచం మీద. ఒంటి కింద నలిగిన దూది గాలిని పట్టి ఉంచలేదు, గాలి లేనిచోట వెచ్చదనం నిలవదు. అందుకే రెండు రగ్గులూ పైన కప్పుకోకు, ఒకటి కింద పరిచి ఒకటి కప్పుకో. వాళ్లు గాలి పరుపు ఇస్తే దాని మీద కూడా అంతే. వేడినీళ్ల సంచి మూత గట్టిగా బిగించి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. కుంపటి మాత్రం, అమ్మలూ, మూసిన గదిలో ఎప్పుడూ పెట్టుకోకు. నిప్పులు కనకన మండుతున్నా, పొగ లేకపోయినా సరే వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్న మనిషినీ పక్కనున్న కుక్కనీ తెలియకుండానే చంపేస్తుంది. ఈ కొండ ఊళ్లలో ఇది ఇంటింటా చెప్పాల్సిన సంగతి.

చలికాలం కదా అని దోమతెర మానకు. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి ఎప్పట్నుంచో మలేరియా జిల్లాలు. ఒడిశా ప్రభుత్వం 2017లో 'దమన్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకి కూడా రక్తపరీక్ష చేసి మందిస్తోంది. అంటే ఈ జబ్బు ఒంట్లో దాగుండి కూడా తిరుగుతుందన్నమాట. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూట, మనం ఒళ్లు తెలియకుండా పడుకునే వేళల్లోనే. మందు పట్టించిన తెర దొరికితే మొదట ఒక రోజు నీడలో ఆరేసి, ఆ తర్వాత కట్టుకో. ఉతికితే మామూలు సబ్బుతో ఉతికి నీడలోనే ఆరెయ్యి, ఎండ తగిలితే మందు పోతుంది. వాళ్ల గోడలకి మేకులు కొట్టకుండా గొడుగులా విచ్చుకునే తెర తీసుకెళ్లు, అంచులు పరుపు కిందికి దోపుకో.

ఇక్కడే కుక్కతో చిక్కు వస్తుంది. తెరలో నీతో పాటు పడుకోబెట్టుకుంటే రాత్రి పదిసార్లు బయటికీ లోపలికీ తిరిగి దోమలన్నిటినీ లోపలికి తెస్తుంది, గోళ్లకి తెర చిరుగుతుంది. కుక్క ఒళ్లు మామూలుగానే 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది కాబట్టి చలిలో దాన్ని ఆనుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఇందులో నా మాట కాదు, నీ మనసు చెప్పింది విను. నీకు పక్కలో కుక్క ఇష్టం లేకపోతే వాళ్లకి ముందే చెప్పెయ్యి. నేనైతే మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, గోనెసంచి మీద దుప్పటి వేసి పడుకోబెడతాను. రాత్రి అది మూలిగితే పేరు పెట్టి పిలుస్తాను, ఊరుకుంటుంది. ఒడియావాళ్ల కుక్క కాబట్టి 'బస' అంటేనే కూర్చుంటుంది, వాళ్లు వాడే నాలుగు మాటలు నేర్చుకో. నిద్రపోతున్న కుక్కని హఠాత్తుగా ముట్టుకోకు, మంచిదైనా ఉలిక్కిపడి కరవొచ్చు. కరిస్తే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లు, ఇంటి కుక్కే కదా అని ఊరుకోకు. పిల్లికి పడుకునే ముందు కడుపునిండా పెట్టు. లేకపోతే తెల్లవారుజామునే నీ గుండెల మీదికెక్కి లేపుతుంది.

నేల మీద పక్క వేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. కట్లపాము ఎక్కువగా నిద్రలో ఉన్నవాళ్లనే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. వానాకాలంలో ఈ భయం ఎక్కువ, ఏ కాలమైనా మంచం, పరుపు కింద దోపిన తెర రెండూ ఉండాలి. రాత్రి దిగేటప్పుడు ముందు టార్చి, తర్వాత కాలు. ఎప్పుడైనా అనుమానం వస్తే మంత్రాల దగ్గరికి పోకుండా 108కి ఫోన్ చెయ్యి.

మంచం కిటికీకి దూరంగా, గేటు చప్పుడు వినబడే గదిలో వేయించుకో. తలుపుకి లోపలి గడియ గట్టిగా పడాలి, నువ్వే వేసి తీసి చూడు. పక్కింటివాళ్లలో ఒకరికి నువ్వే గదిలో పడుకుంటున్నావో తెలిసి ఉండాలి, వాళ్ల నంబరు నీ దగ్గర ఉండాలి.

నెల గడిచి నువ్వు అక్కణ్నుంచి తిరిగి బయల్దేరే ముందు రోజు నీ బట్టలన్నీ వేడినీళ్లలో పెట్టి ఉతుక్కో, వాళ్ల పరుపు ఎండకి వేసి, మంచం ఎలా ఉన్నదో అలాగే సర్దిరా.

శనివారం బస్సెక్కి ఇక్కడికి వచ్చెయ్యి. ఆదివారం మనిద్దరం రైల్లో కోరాపుట్ వెళ్దాం, ఆ గదీ మంచం నేను కూడా ఒకసారి చూస్తాను. మా అత్త కూడా వస్తోందని మాస్టారికి ముందే ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నీ మేనత్త