కేటీఎం ఆర్‌సీ 390 బండిని రేస్ ట్రాక్‌కి సిద్ధం చేస్తున్నాను. క్లిప్-ఆన్‌లు ఏ సైజువి కొనాలి, ఎంత కిందికి దించాలి?

విజయనగరం నుంచి అడిగిన ప్రశ్న ఇది. క్లిప్-ఆన్‌లంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలకి చెరొకటిగా క్లాంపుతో బిగించే హ్యాండిళ్ళు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, ఇక ట్రాక్‌కే వాడతారట. ఫోర్కు 43 మి.మీ. అని ఎక్కడో చదివి 43 సైజు క్లిప్-ఆన్‌లు ఆర్డర్ పెట్టబోతున్నారు.

ముందు ఆ ఆర్డర్ ఆపండి. 43 అన్నది కింద మెరుస్తూ కనిపించే రాడ్డు కొలత. ఆర్‌సీది తలకిందుల ఫోర్కు. సన్న రాడ్డు కింద ఉంటుంది, లావు గొట్టం పైన ఉంటుంది. క్లిప్-ఆన్ పట్టుకునేది పై గొట్టాన్ని. 43 రాడ్డు ఉన్న ఇలాంటి ఫోర్కులకి 50, 53 లాంటి సైజులు పడుతుంటాయి. మీ బండికి ఏది పడుతుందో వెర్నియర్ (లావు కొలిచే సాధనం) పెట్టి చూడాల్సిందే. నింజా 300 లాంటి మామూలు ఫోర్కుకి ఈ గొడవే లేదు, అక్కడ ఫోర్కు 37 అయితే క్లిప్-ఆన్ కూడా 37 సైజే. ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు ఈ తేడా ఒక్క ముక్కలో రాస్తే ఎంతమంది డబ్బులు మిగిలేవో! ఫొటోలు పది పెడతారు, క్లాంపు లోపలి కొలత మాత్రం పెట్టరు.

కొలిచేటప్పుడు ఒక్కచోట కొలిచి వదిలేయకండి. క్లాంపు కూర్చునే చోట పైన, మధ్యలో, కింద చూడాలి. ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఇంకోసారి పక్కల నుంచి పట్టి చూడాలి. కొన్ని ఫోర్కుల్లో పై గొట్టం టీ (రెండు ఫోర్కు గొట్టాల్నీ కలిపి పట్టుకునే అడ్డ పలక) దగ్గర ఒక లావు, కిందికొచ్చేసరికి ఇంకో లావు ఉంటుంది. అర మిల్లీమీటరు తేడా వస్తే కూల్ డ్రింకు డబ్బా రేకు చుట్టి సర్దేసే అలవాటు ఒకటుంది. అది వద్దు. లేతు మెషిన్ మీద క్లాంపు రంధ్రం కాస్త పెంచేద్దాం అనే ఆలోచన కూడా వద్దు. ఆ రంధ్రం గుండ్రంగా ఉండటంతో సరిపోదు, గొట్టాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా సమానంగా తాకాలి.

తాకుతుందో లేదో తెలుసుకోవడం తేలికే. క్లాంపు కూర్చునే చోట ఫోర్కు గొట్టానికి వైట్‌బోర్డు మార్కరు పలుచగా పూయండి. క్లాంపు ఎక్కించి బోల్టులు చేత్తో బిగుసుకునేంత వరకే తిప్పి, మళ్ళీ విప్పి లోపలి వైపు చూడండి. సిరా చాలా మేర సమానంగా అంటితే ఆ క్లాంపు మంచిదే. పై అంచున ఒక సన్న గీత, కింది అంచున ఇంకో గీత అంటి మధ్యంతా శుభ్రంగా ఉంటే, అది రెండు గీతల మీదే నిలబడిందన్నమాట. దాన్ని ఎంత బిగించినా జారుతుంది. జారుతోంది కదా అని ఇంకా బిగిస్తే ఫోర్కు గొట్టాన్ని నొక్కేస్తుంది. తలకిందుల ఫోర్కులో రాడ్డు పై చివరి బుష్ ఆ గొట్టం లోపలే జారాలి. గొట్టం నొక్కుకుపోయిందంటే ఫోర్కు అక్కడక్కడ పట్టేస్తుంది. అప్పుడు సస్పెన్షన్ బాగోలేదని ఆయిల్ మారుస్తూ కూర్చుంటారు.

రకం విషయానికొస్తే, ఒక్కటే ముక్కగా వచ్చేవి కొనకండి. క్లాంపు వేరుగా, పట్టుకునే గొట్టం వేరుగా ఉండి బోల్టుతో బిగేవి కొనండి. ట్రాక్ మీద బండి పడితే ముందు వంగేది ఆ గొట్టమే. వంగిన అల్యూమినియం గొట్టాన్ని వేడి చేసి సరిచేయడం, వెల్డింగు పెట్టడం రెండూ ప్రమాదమే. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య రోడ్ రేసింగ్ నిబంధనల్లో అల్యూమినియం హ్యాండిల్‌కి వెల్డింగుతో మరమ్మతు నిషేధం. గొట్టం బయటి కొలత 22.2 మి.మీ. ఉండాలి, స్విచ్చులూ లివర్లూ అన్నీ ఆ కొలతకే వస్తాయి. క్లాంపు రెండు ముక్కలుగా విడిపోయేదైతే ఇంకా మంచిది, ఫోర్కు దింపకుండా ఎక్కించొచ్చు. నాజూకుగా కనిపించే క్లాంపులు ఒకే బోల్టుతో వస్తే తీసుకోవద్దు.

ఇక ఎంత కిందికి అన్న ప్రశ్న. అందరూ అడిగేది ఇదే, నా లెక్కలో అన్నిటికంటే తక్కువ ముఖ్యమైనదీ ఇదే. కిందికి దించితే బండి వేగంగా పోదు. బరువంతా అరచేతుల మీద పడితే హ్యాండిల్ తిప్పాల్సిన చేతులు ఒంటిని మోస్తూ ఉంటాయి, మలుపులో బండి మొండికేస్తుంది. బ్రేకు పట్టేటప్పుడు ఒంటిని ఆపాల్సింది ట్యాంకుకి ఆనుకున్న మోకాళ్ళు. కంపెనీ హ్యాండిల్ ఎక్కడుందో అక్కడి నుంచి 20 మి.మీ.కి మించి దించకుండా మొదలుపెట్టండి. హ్యాండిల్ చివర కిందికి వాలే కోణం 6 నుంచి 10 డిగ్రీల మధ్య చాలు. స్టాండు మీద నిలబెట్టిన బండిపై వంగి కూర్చుని, కళ్ళు మూసుకుని చేతులు గ్రిప్పుల మీద పెట్టండి. మోచేయి, మణికట్టు, మధ్య వేలు ఒకే గీతలో రావాలి. పదిహేను నిమిషాల సెషన్ అయ్యాక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి బయటి వైపు నొక్కుకుంటోందని అర్థం. వాలు తగ్గించండి, లేదా చివర్లను కాస్త ముందుకి తోయండి.

హ్యాండిల్‌ని పై టీ పైనుంచి కిందికి మార్చాలంటే పని పెరుగుతుంది. ఫోర్కు గొట్టం పై టీ మీద ఎన్ని మిల్లీమీటర్లు లేచి ఉందో ముందే కొలిచి రాసుకోండి. ముందు చక్రం కింద స్టాండు పెట్టి ఈ పని చేయకూడదు, బరువు స్టెమ్ (హ్యాండిల్ తిరిగే మధ్య ఇరుసు) నుంచి మోసే స్టాండు కావాలి. లేకపోతే టీ వదులు చేయగానే బండి ముక్కు కిందికి దిగిపోతుంది. ఫోర్కులు రెండూ ఒకే ఎత్తులో తిరిగి రావాలి. ఒకవైపు 2 మి.మీ. తేడా వచ్చినా ఇరుసు వంకరగా బిగుసుకుంటుంది.

బిగించే ముందు గొట్టాన్నీ క్లాంపు లోపలి వైపునీ బ్రేక్ క్లీనరుతో తుడవండి, అక్కడ గ్రీజు చుక్క కూడా ఉండకూడదు. బోల్టు మరలకి నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. రెండు బోల్టులనీ పావు తిప్పు దీనికి, పావు తిప్పు దానికి చొప్పున బిగిస్తూ, చీలిక రెండు వైపులా సమానంగా ఉందో చూసుకోండి. ఒకవైపు పూర్తిగా మూసేయమని కంపెనీ కాగితంలో ఉంటే మాత్రం దాని ప్రకారమే చేయాలి. బిగింపు లెక్క కూడా ఆ కాగితంలోదే వాడాలి. కాగితం లేకపోతే ఎం6 బోల్టుకి 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, ఎం8కి 20 దగ్గర ఆగండి. ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. మన శ్రీకాకుళం, విజయనగరం షెడ్డుల్లో ఇంజిన్ విప్పి కట్టే చేయి ఉన్నవాళ్ళు ఉన్నారు, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచి మాత్రం ఉండదు. "ఏటీ కాదు బాబూ, చేతికి తెలిసిపోద్ది" అంటారు. ఎల్-కీకి గొట్టం తొడిగి ఒక్క పట్టు పడతారు. అల్యూమినియంలో ఎం6 మర కోసుకుపోవడానికి అది చాలు. చిన్న టార్క్ రెంచి మీరే కొనుక్కుని వెళ్ళండి. సముద్రం దగ్గర్లో ఉండేవాళ్ళు బోల్టులు ఏడాదికోసారైనా తీసి తుడవాలి. ఉప్పుగాలికి ఇనుప బోల్టు అల్యూమినియంలో పట్టేస్తే విప్పేటప్పుడు తల తెగిపోతుంది.

స్విచ్చు డబ్బా లోపల చిన్న బుడిపె ఉంటుంది, దానికోసం హ్యాండిల్‌కి రంధ్రం చేయాలి. స్థానం పూర్తిగా ఖాయమయ్యాకే చేయండి, క్లాంపు అంచుకి దగ్గర్లో చేయకండి. ట్రాక్ బండికే కాబట్టి బుడిపెను అరగదీసినా తప్పు లేదు.

ఎక్సిలేటర్ గ్రిప్పుకీ హ్యాండిల్ చివర బిగించే బరువుకీ మధ్య 1-2 మి.మీ. ఖాళీ ఉంచండి. ఆ రెండూ రాసుకుంటే వదిలినా ఎక్సిలేటర్ వెనక్కి రాదు, మలుపు దగ్గర అంతకంటే భయంకరమైనది లేదు. తరవాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పండి. ఎక్సిలేటర్ కేబుల్ ఉన్న మోడల్ అయితే, శబ్దం కొంచెం పెరిగినా కేబుల్ లాగుతోందని అర్థం, దాని దారి మార్చాలి. బ్రేకు హోసు కూడా అంతే. ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు, రెండు వైపులా తిప్పి చూడాలి. బ్రేకు హోసు చివర బిగించే బ్యాంజో బోల్టు విప్పితే రెండు కాపర్ వాషర్లూ కొత్తవే వేయండి.

పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంకుకీ గ్రిప్పుకీ మధ్య నలగకూడదు. పైన చెప్పిన సమాఖ్య నిబంధన ప్రకారం హ్యాండిల్, లివర్లు, ట్యాంకు మధ్య కనీసం 30 మి.మీ. ఖాళీ ఉండాలి, హ్యాండిల్ రెండు వైపులా కనీసం 15 డిగ్రీలు తిరగాలి. ఖాళీ చాలకపోతే స్టాపర్ (హ్యాండిల్ తిరుగుడుని ఆపే అడ్డు) దగ్గర చిన్న ముక్క బిగించి తిరుగుడు తగ్గించండి, కానీ 15 కంటే తగ్గనివ్వకండి. హ్యాండిల్ చివర్లు మూసి ఉండాలి, లివర్ చివరి గుండు 16 మి.మీ. కంటే చిన్నది కాకూడదు. ట్రాక్ దగ్గర స్క్రూటినీలో (బండిని దింపే ముందు చేసే తనిఖీలో) వీటిని చూస్తారు.

ఇదే అమరికతో జాతీయ రహదారి 16 మీద విశాఖ దాకా పోయే కుర్రాళ్ళని చూస్తే బాధగా ఉంటుంది. హ్యాండిల్ సగమే తిరిగే బండి అది, గేదె అడ్డొస్తే తప్పించలేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అలా మార్చడం కుదరదు కూడా.

అంతా అయ్యాక క్లాంపుకీ ఫోర్కుకీ మీదుగా తెల్ల పెయింటుతో ఒక సన్న గీత గీయండి. బోల్టు తలల మీదా గీయండి. మొదటి సెషన్ అయి లోపలికి రాగానే హెల్మెట్ తీసే ముందు ఆ గీత చూడాలి. గీత విరిగి ఉంటే బ్రేకు పట్టినప్పుడు హ్యాండిల్ తిరిగింది. తుడిచి, మళ్ళీ బిగించి, ఇంకో సెషన్ తరవాత మళ్ళీ చూడండి. మళ్ళీ విరిగిందంటే క్లాంపు సైజే తప్పు.

మీరు వెళ్ళేది చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ అయితే, బండిని రైలు పార్శిల్‌లో పంపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయించడమే కాదు, ప్యాకింగ్ కోసం హ్యాండిల్ వదులు చేస్తారేమో కనిపెట్టుకోండి. దిగాక టార్క్ రెంచి మళ్ళీ వేయాల్సిందే. అక్కడ ఆదివారం పూట మీ సైజు గొట్టం ఎవరి దగ్గరా దొరకదు. కుడికీ ఎడమకీ ఒకే గొట్టం పట్టే మోడల్ ఎంచుకుంటే, విడిగా ఒక్కటి సంచీలో వేసుకెళ్తే సరిపోతుంది.