ఓడెక్కబోతున్న మేనకోడలికి

హాలియా

బిడ్డా శ్రావణీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. "అన్నా, నువ్వే దాని చెవిలో ఊదినవ్, నువ్వే మాన్పించు" అంది. నేను ఊదలేదని నీకు తెలుసు. నల్లగొండలో ట్రిపుల్ ఈ చదివిన పిల్ల కరెంటు ఆఫీసులోనో, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లోనో చేరుతుందనుకున్నాం గానీ ఓడల మీదికి పోయే ఈటీవో (ఓడలో కరెంటు పనులు చూసే ఆఫీసర్) కోర్సుకు అప్లై చేస్తుందని ఎవరనుకున్నారు? ఫోన్ పెట్టేశాక మాత్రం మీ అత్తమ్మతో రెండుసార్లు అన్నా, "మన ఇంట్లోంచి ఇంకో ఎలక్ట్రికల్ ఆఫీసర్" అని. ఆమె ఏం మాట్లాడకుండా టీవీ సౌండ్ పెంచింది. అన్నేళ్లు ఒక్కతే ఇల్లు నడిపిన మనిషి, ఆమె లెక్కలు ఆమెకున్నాయి.

మాన్పించను. కానీ చెప్పాల్సినవి చెప్తా, విసుక్కోకుండా చదువు.

ముందు చిన్నవి. ఇండోస్ నంబరు (ఓడ ఉద్యోగుల గుర్తింపు నంబరు), సీడీసీ (ఓడ సర్వీసు రాసే పుస్తకం), మెడికల్, ఎల్లో ఫీవర్ టీకా, ఇవన్నీ నీ చేతులతో నువ్వే చేసుకో. ప్రతి కాగితానికీ మూడు కాపీలు ఉంచుకో. సేఫ్టీ బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోకు, నిచ్చెన మెట్ల మీద ప్రాణం మీదికొస్తుంది. ఆడపిల్లవని పనిలోంచి పక్కన పెట్టేవాళ్లు ఒకరిద్దరు తగులుతారు. వాళ్లతో వాదించకు, బాక్సు తెరిచి పని మొదలుపెట్టు.

ఇక అసలు సంగతి. మీ అమ్మ భయమంతా తుఫానుల గురించే. నా భయం అది కాదు. నడిసముద్రంలో కరెంటు పోతే తిట్టుకుంటూ బాగుచేసుకుంటాం. చుట్టూ నీళ్లే, గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. టెన్షన్ మొదలయ్యేది ఒడ్డు కనబడ్డాకే. ఇరుకు కాలువ, పక్కన ఇసుక మేట, ముందు వంతెన ఉన్నచోట రెండు నిమిషాల చీకటి చాలు.

2024 మార్చి 26న బాల్టిమోర్‌లో అదే జరిగింది. డాలి అనే కంటైనర్ ఓడ, మూడు వందల మీటర్ల పొడవు, కొలంబోకు బయలుదేరింది. సిబ్బందిలో దాదాపు అందరూ మన దేశం వాళ్లే. రాత్రి ఒకటిన్నర కావస్తుండగా లైట్లు ఆరిపోయాయి, వెలిగాయి, మళ్లీ ఆరిపోయాయి. పైలట్లు, అంటే రేవులో ఓడకు దారి చూపడానికి ఎక్కేవాళ్లు, ప్రమాద హెచ్చరిక పంపారు, లంగరు వేయించారు. పోలీసులు వంతెన మీదికి బండ్లు రాకుండా ఆపగలిగారు గానీ అప్పటికే పైన ఉన్నవాళ్లను దించే టైం లేదు. ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన ప్రధాన భాగం కూలి నీళ్లలో పడింది. రోడ్డు మీద గుంతలు పూడ్చే కూలీలు ఆరుగురు చనిపోయారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండూరస్, ఎల్ సాల్వడార్ నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. అది చదివినప్పుడు నాకు మన పాలమూరు కూలీలే కళ్ల ముందు మెదిలారు. ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ రోడ్డు వేసినా అర్ధరాత్రి పనిలో ఉండేది వాళ్లే గదా.

ఆ వారమంతా పాత దోస్తుల ఫోన్లే. విశాఖలో ఉన్న కెప్టెన్ ఒకాయన "వంతెన దాటేదాకా టగ్గులు వెంట ఉండాల్సింది" అన్నాడు, టగ్గులంటే పెద్ద ఓడను లాగే, నెట్టే చిన్న ఓడలు. చెన్నై కెప్టెన్ "అంత ఓడ కదలడం మొదలయ్యాక లంగరు వేసినా నాలుగు నిమిషాల్లో ఆగదు, పైలట్లను అనకండి" అన్నాడు. ఇంకొకాయనకు చరిత్ర బాగా గుర్తు. 1980లో బ్లూ నగోయా అనే ఓడ కూడా కరెంటు పోయి ఇదే వంతెనను తగిలిందట, అది చిన్న ఓడ గనుక వంతెన నిలబడింది, ఓడలు పదింతలు పెరిగినా స్తంభాలకు రక్షణ పెరగలేదని ఆయన కోపం. ముగ్గురి మాటల్లోనూ నిజముంది. నేను మాత్రం ఒక్కటే అడిగా, "ఏ బ్రేకర్ పడింది?" అని. ఎవరి దగ్గరా జవాబు లేదు.

జవాబు 2025 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. ఒక్క వైరు, బిడ్డా. కంట్రోల్ వైరు చివర పేరు రాసి తొడిగే లేబుల్ ఉంటుంది చూడు, అది అడ్డుపడి వైరు టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. చూస్తే బిగించినట్టే ఉంటుంది. అది వదులై బ్రేకర్ పడింది, లైట్లు పోయాయి, పంపులు ఆగాయి, మెయిన్ ఇంజిన్ కూడా ఆగింది. సిబ్బంది వెంటనే కరెంటు తెచ్చారు. కానీ జనరేటర్లకు ఇంధనం పంపడానికి వాడుతున్నది ఫ్లషింగ్ పంపు, అది ఆ పనికి పెట్టింది కాదు. మన బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ పెడితే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది గదా, ఆ పంపుకు అలాంటి ఏర్పాటు లేదు. ఎవరో పోయి ఆన్ చేయాలి. ఇంధనం అందక జనరేటర్లు ఆగి రెండోసారి చీకటైంది.

అందుకే నీకు చెప్పేది, నీ ఓడలో ఏ పంపు దానంతటది మొదలవుతుంది, ఏది కాదు అన్నది మొదటి వారంలోనే ఓడంతా తిరిగి చూసి రాసుకో. డ్రాయింగ్ చూసి కాదు, పంపు పక్కన నిలబడి. వీలు దొరికినప్పుడల్లా, ఓడ రేవులో కట్టి ఉన్నప్పుడు, లైన్ ఐసోలేట్ చేసి, ట్యాగ్ తగిలించి, టెస్టర్‌తో చూసి, ఒక్కో వైరునూ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూడు. ఊడొస్తే నీ అదృష్టం.

నేను ట్రైనీగా ఉన్నప్పటి మాట. పాత బల్క్ ఓడ. హుగ్లీ నదిలో డైమండ్ హార్బర్ దాటి కిందికి వస్తున్నాం, రాత్రి, ఆటు మొదలైంది. జనరేటర్ ట్రిప్ అయింది. అలాంటప్పుడు ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలో అందుకోవాలని రూలు. అది స్టార్టే కాలేదు. బ్యాటరీ చచ్చి ఉంది. దాన్ని స్టార్ట్ చేయడానికి రెండో మార్గంగా చేత్తో కొట్టే హైడ్రాలిక్ పంపు ఉంటుంది. నేనూ, ఒక ఆయిలరూ టార్చి నోట్లో పెట్టుకుని ఆ హ్యాండిల్ కొడుతున్నాం, ప్రెషర్ ముల్లు కదలదు. చుక్కాని ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పైలట్ లంగరు వేయించాడు. ముక్కు ఇసుకను రాసుకుంది, ఆ కుదుపుకు ఇద్దరం కిందపడ్డాం. తర్వాత ఇంజిన్ అందుకుంది. అక్కడ వంతెన లేదు గనుక బతికిపోయాం.

తెల్లారి కెప్టెన్ టెస్ట్ రిజిస్టర్ తెప్పించాడు. నేను పక్కనే ఉన్నా. ప్రతి శనివారం "టెస్ట్ ఓకే". ఒకే పెన్ను, ఒకే రాత, ఒక్కసారే కూర్చుని రాసినట్టు. కెప్టెన్ వేలు కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగింది. ఇంకా రాని శనివారానికి కూడా ఓకే అని రాసి ఉంది.

అది రాసిన సీనియర్ పనిదొంగ కాదు. నాకు మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పట్టుకోవడం నేర్పింది ఆయనే. నాకు జ్వరమొస్తే నా డ్యూటీ కూడా ఆయనే చేశాడు. రేవు తర్వాత రేవు, నిద్ర లేదు, కొత్త బ్యాటరీ వచ్చే రేవులో వస్తుందిలే అనుకున్నాడు. తర్వాతి రేవులోనే ఆయన్ను దించేశారు. గ్యాంగ్‌వే దిగుతూ నా వైపు చూడలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. మంచివాడు, పని తెలిసినవాడు, అలా రాశాడు.

ఫోన్లో నేనేం చెప్పినా నువ్వు "ఓకే మామా, ఓకే ఓకే" అంటావు చూడు, నాకు ఒళ్లు మండేది అందుకే. చూడనిదాన్ని చూడలేదని రాయి. చీఫ్ ఇంజినీరు అరుస్తాడు, అరవనీ. పైలట్ ఎక్కే టైంకు స్టాండ్‌బై జనరేటర్ మీద నీకు అనుమానముంటే అప్పుడే చెప్పు, నీ గొంతు వణికినా సరే. బయలుదేరడం గంట లేటైతే కంపెనీకి డబ్బు పోతుంది, అది నీ జేబులోది కాదు.

అన్నట్టు, హైదరాబాద్‌లో ఎవరో ఏజెంటు సీటు, ఉద్యోగం రెండూ ఇప్పిస్తానని లక్షన్నర అడిగాడట, మీ నాన్న పొలం కాగితాలు తీశాడట. ఇది వినగానే నాకు బీపీ పెరిగింది. ఓడ ఉద్యోగం ఇప్పించడానికి డబ్బు తీసుకోవడం చట్టప్రకారం నేరం. ఆ ఆఫీసుకు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు, అంటే ఓడల మీదికి మనుషులను పంపే అనుమతి, ఉందో లేదో ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ సైటులో చూడు, ఉన్నా సరే పైసా ఇవ్వొద్దు. ఆ కాగితాలు బీరువాలో పెట్టేయమని మీ నాన్నకు నా మాటగా చెప్పు. కోర్సు ఫీజు సంగతి నేనూ మీ అత్తమ్మా మాట్లాడుకున్నాం, టీవీ కట్టేశాకే.

ఆదివారం సర్టిఫికెట్లన్నీ పట్టుకుని పొద్దున బస్సుకు రా. అమ్మను కూడా తీసుకురా, ఆమెతో నేను మాట్లాడతా.

మీ మామ