తెలుగు టీచర్‌కు పీజీడీసీఏ అవసరమా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ప్రైవేటు హైస్కూల్లో 14 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. మార్కుల లిస్టులు, క్వశ్చన్ పేపర్ల టైపింగ్ మా అబ్బాయే చేసిపెడతాడు. ఇప్పుడొక సీబీఎస్ఈ స్కూల్లో ప్రయత్నిస్తుంటే, డెమో క్లాసుతో పాటు కంప్యూటర్ టెస్టు కూడా ఉంటుందన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పీజీడీసీఏ (కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ డిప్లొమా)లో చేరమంటారా?
– ఒక టీచర్, నరసరావుపేట

జవాబు: వద్దు మేడమ్. పీజీడీసీఏలో ప్రోగ్రామింగ్, డేటాబేస్ లాంటివి నేర్పుతారు. తెలుగు టీచర్‌ని వాటి గురించి ఎవరూ అడగరు. ఫీజు కట్టేముందు అసలు మీకేం వచ్చో, ఏం రాదో తేల్చుకోండి. సీపీయూ అంటే ఏమిటి, ర్యామ్ అంటే ఏమిటి అని అడిగే ఆన్‌లైన్ క్విజ్‌లతో ఆ సంగతి తేలదు. ఒక ఆదివారం అబ్బాయిని పక్కకి రావద్దని చెప్పి, స్కూల్ పనే మీరొక్కరే చేసి చూడండి. ఎక్కడ ఆగిపోతే అదే మీ సిలబస్.

ముందు మార్కుల లిస్టు. 40 మంది పేర్లు, ఆరు సబ్జెక్టులు, టోటల్, శాతం, ర్యాంకు. పరీక్ష రాయని పిల్లవాడికి 'ఏబీ' అని వేసి, గడులను ప్లస్ గుర్తుతో కూడితే ఎక్సెల్ ఎర్రర్ చూపిస్తుంది. సమ్ ఫార్ములా వాడితే ఆ గడిని వదిలేసి మిగతావి కూడుతుంది. యావరేజ్ ఫార్ములాతో మాత్రం జాగ్రత్త. ఆరింటిలో ఒకటి రాయని పిల్లవాడి సగటును అయిదింటికే లెక్కేస్తుంది. అలా లెక్కేయాలో వద్దో స్కూల్ రూల్ చూసి మీరు నిర్ణయించాలి. ఇక పేర్ల నిలువు వరస ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొడితే, మిగతా వరసలు కూడా కలపాలా అని అడుగుతుంది. చదవకుండా వద్దని నొక్కారంటే ఒకరి మార్కులు ఇంకొకరి పేరు పక్కన చేరతాయి. 0045 అనే అడ్మిషన్ నంబరు 45 అయిపోవడం, 12 అంకెల ఆధార్ నంబరు మధ్యలో 'ఈ' అక్షరంతో వింతగా కనిపించడం కూడా మామూలే. నంబర్లు కొట్టకముందే ఆ వరసను టెక్స్ట్‌గా మార్చుకుంటే ఆ బాధ ఉండదు. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఎక్కువగా ఇలాంటి పనే ఇస్తారు.

రెండోది తెలుగు టైపింగ్. తెలుగు టీచర్‌గా మీరు మిగతావాళ్ల కంటే ముందుండాల్సింది ఇక్కడే. పాత పేపర్లు చాలావరకు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినా, వాట్సాప్‌లో పేస్ట్ చేసినా పిచ్చి గీతలే కనిపిస్తాయి. కాబట్టి ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే నేర్చుకోండి. విండోస్ 10, 11 లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఫొనెటిక్ కీబోర్డు దొరుకుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడుతుంది. ఫోన్‌లో చెప్పి టైప్ చేయించుకోవడమూ తేలికే గానీ, ఒత్తులు, సంధులు ఒకసారి సరిచూసుకోండి. ఆ పని మీకంటే బాగా ఎవరు చేస్తారు! రోజూ ఒక పద్యం, దాని ప్రతిపదార్థం టైప్ చేస్తూ పోతే నెల తిరిగేసరికి చెయ్యి కుదురుతుంది.

డెమో క్లాసుకు స్లైడ్లు ఎక్కువ వద్దు. ప్రొజెక్టర్‌కు లాప్‌టాప్ తగిలించినా తెర మీద ఏమీ రాకపోతే విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోవడం తెలిస్తే చాలు. ఫైల్‌ను పీడీఎఫ్‌గా కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. పిల్లల వివరాలున్న గూగుల్ షీట్ (ఆన్‌లైన్ పట్టిక) లింకును అందరూ చూసేలా, మార్చేలా పంపకండి. అందులో తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి మరి.

సర్టిఫికెట్ కావాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వారి సీసీసీ (కోర్స్ ఆన్ కంప్యూటర్ కాన్సెప్ట్స్) ఉంది, 80 గంటల కోర్సు. రోజువారీ పనికి కావాల్సింది అందులో చాలావరకు వస్తుంది. ప్రభుత్వ దీక్ష పోర్టల్లో టీచర్లకు ఉచిత కోర్సులున్నాయి. అక్కడ వీడియో చూసి వదిలేస్తే మాత్రం ఏమీ రాదు.

ఇక మీ అబ్బాయి సంగతి. అడిగితే చెప్పమనండి, మౌస్ మాత్రం ముట్టుకోవద్దనండి. రెజ్యూమెలో 'ఎంఎస్ ఆఫీస్ వచ్చు' అని రాస్తే అందరిలో కలిసిపోతారు. 'క్లాసు మార్కుల పట్టికలు, యూనికోడ్ తెలుగులో ప్రశ్నపత్రాలు స్వయంగా తయారుచేస్తాను' అని రాసి, మీరు చేసినవి రెండు ప్రింట్ తీసి వెంట తీసుకెళ్లండి. పిల్లల పేర్లు తీసేసి సుమండీ.