కొండ దారిలో పరుగు: ఎక్కడం కంటే దిగడమే మోకాలికి భారం

ప్రశ్న: నా వయసు 61, బరువు 68 కిలోలు. విశాఖ బీచ్‌రోడ్డులో ఆరేళ్లుగా పరుగెడుతున్నాను. హాఫ్ మారథాన్ 2 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేస్తాను. ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ పరుగెత్తాలని ఉంది. అక్కడ ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువని కైలాసగిరి ఘాట్‌రోడ్డులో ప్రాక్టీస్ మొదలుపెట్టాను. పైకి వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. కిందికి పరుగెత్తి వస్తే మాత్రం మర్నాటి నుంచి మూడు రోజులు తొడలు పట్టేస్తున్నాయి. మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. ఈమధ్య పొద్దున్నే లేవగానే కుడి మడమ వెనక బిగుసుకుపోయినట్టు ఉంటోంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. నొప్పి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. ఇంట్లోవాళ్లు ఈ వయసులో కొండలు వద్దంటున్నారు. మానేయాలా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కొండలు మానేయక్కర్లేదు. డైక్లోఫెనాక్ మాత్రం ఈ రోజే ఆపండి. మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. ఒకటి కిడ్నీలోని రక్తపు ఒత్తిడిని మారుస్తుంది, రెండోది ఒంట్లోంచి నీరు, ఉప్పు బయటికి పంపుతుంది. వీటికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. విశాఖ ఉక్కపోతలో గంటన్నర చెమటోడ్చిన రోజు ఈ మూడూ కలిస్తే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. పరుగుకు ముందు ‘నొప్పి రాకుండా’ మాత్ర వేసుకోవడం రన్నర్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. మీ విషయంలో అది అస్సలు పనికిరాదు. మరీ అవసరమైతే పరుగు అయ్యాక పారాసెటమాల్ వేసుకోండి. ఇన్నాళ్లూ డైక్లోఫెనాక్ వాడారు కాబట్టి ఒకసారి సీరం క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్ష చేయించండి. వాంతులు, విరేచనాలు అయిన రోజు పరుగు పెట్టుకోవద్దు. ఆ రోజు బీపీ మాత్ర సంగతి మీ డాక్టర్‌ను ఫోన్‌లోనైనా అడగండి.

ఇక తొడల నొప్పి. మర్నాడు మొదలై, రెండో మూడో రోజుకు ముదిరి, ఆపైన దానంతటదే తగ్గే నొప్పి కండరానిదే, కీలుది కాదు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం ఓ పక్క సాగుతూనే ఒంటి బరువుకు బ్రేకు వేయాలి. ఈ రెండో పనిలో ఆయాసం తక్కువగా ఉంటుంది గానీ కండర పోగులు సన్నగా చిరుగుతాయి. ఆయాసం రాలేదు కదా అని రన్నర్లు దిగుడును విశ్రాంతి కింద లెక్కేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. తొడ కండరం అలసిపోయాక ఆ భారం మోకాలి చిప్ప మీద, దాని వెనకుండే మృదులాస్థి మీద పడుతుంది. అందుకే మీకు మెట్లు దిగేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి.

కైలాసగిరి సుమారు 170 మీటర్ల ఎత్తు. సముద్రం పక్కన చదును రోడ్డుకు అలవాటు పడిన కాళ్లతో పైనుంచి కిందిదాకా ఒక్క ఊపున పరుగెత్తి రావడమంటే మొదటి రోజే మోతాదు దాటేశారన్నమాట. దిగుడుకు కండరం చక్కగా అలవాటు పడుతుంది. కొద్దిగా దిగి, కోలుకోనిచ్చి, మళ్లీ దిగితే నొప్పి చాలా తగ్గిపోతుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అరవై దాటాక కోలుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి రెండు కొండ పరుగుల మధ్య కనీసం 72 గంటలు ఉంచండి. వారానికి ఒకటే పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఎక్స్‌రే తీయించాలా అని అడిగేవాళ్లు చాలామంది. 61 ఏళ్ల మోకాలి ఎక్స్‌రేలో ఎంతో కొంత అరుగుదల కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూసి భయపడి పరుగు మానేసినవాళ్లకు మేలేమీ జరగదు. మోకాలికి వాపు రావడం, కీలు పట్టేసి కదలకపోవడం, నడుస్తుంటే మోకాలు జారిపోయినట్టు అనిపించడం, రాత్రి నొప్పితో మెలకువ రావడం, ఒకే వైపు ఒకే బిందువు దగ్గర నొప్పి రావడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రం పరుగు ఆపి ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కు చూపించండి. పరుగెత్తాక మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం విపరీతంగా దెబ్బతిన్నదనడానికి అది గుర్తు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

మడమ వెనక బిగుతును తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కేటప్పుడు మడమ నేలకు ఆనదు, బరువంతా పిక్క మీద, పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువు మీద పడుతుంది. వేళ్లతో నొక్కి నొప్పి ఎక్కడుందో చూసుకోండి. మడమ ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన ఉంటే మెట్టు అంచు మీద వ్యాయామం చేయవచ్చు. మునివేళ్ల మీద నిలబడి రెండు కాళ్లతో పైకి లేవండి. బరువు కుడి కాలికి మార్చి, మూడు లెక్కపెడుతూ మడమను మెట్టు మట్టం కంటే కిందికి దించండి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు సార్లు, కాస్త వంచి మళ్లీ 15 చొప్పున మూడు సార్లు. రోజుకు రెండు పూటలా, 12 వారాలు చేయాలి. నొప్పి సరిగ్గా ఎముక మీదే ఉంటే మెట్టు వద్దు, చదును నేల మీదే చేయండి. మడమ కిందికి దిగితే అక్కడ స్నాయువు ఎముకకు ఒరుసుకుని నొప్పి పెరుగుతుంది. వ్యాయామం చేస్తున్నప్పుడు పదికి మూడు వరకు నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున బిగుతు ముందుకంటే పెరిగితే సంఖ్య తగ్గించాలి.

ఇక్కడే ఇంకో మాట. జ్వరానికో మూత్రంలో మంటకో మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ కొని వేసుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఈ జాతి యాంటీబయాటిక్స్‌తో అకిలిస్ తెగిపోయే ముప్పు ఉంది. 60 దాటినవాళ్లకు అది ఎక్కువ, స్టెరాయిడ్ కూడా వాడుతుంటే మరీ ఎక్కువ. మీరు రన్నర్‌నని, మడమ స్నాయువు నొప్పిగా ఉందని డాక్టర్‌కు ముందే చెప్పండి. అలాంటి మందు తప్పనిసరైతే ఆ రోజుల్లో కొండ జోలికి వెళ్లొద్దు. కోర్సు అయ్యాక కూడా డాక్టర్‌ను అడిగే మళ్లీ మొదలుపెట్టండి. అకిలిస్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి.

గుండె పరీక్ష లేకుండా ఎత్తు మీద వేగం పెంచవద్దు. ఈసీజీ, ఎకో, టీఎంటీ చేయించండి. సాధారణంగా చేసే టీఎంటీలో ట్రెడ్‌మిల్ 10 శాతం ఎత్తుతో మొదలై ప్రతి మూడు నిమిషాలకూ 2 శాతం చొప్పున లేస్తుంది, వేగమూ పెరుగుతుంది. అంటే కొండ ఎక్కేటప్పుడు గుండె ఎలా ఉంటుందో డాక్టర్ కళ్లముందే తెలుస్తుంది. రిపోర్టు బాగున్నంత మాత్రాన రక్తనాళాల్లో కొవ్వు లేదని కాదు. ఎక్కుతుంటే ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, అలవాటైన ఎత్తులోనే కొత్తగా ఆయాసం వస్తే అక్కడే ఆగి గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పరుగు ఎంత గట్టిగా సాగుతోందో తెలుసుకోవడానికి వాచీలో గుండె వేగం కంటే మాట నమ్మదగ్గది. ఎక్కుతూ ఓ చిన్న వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ల గుండె ఎలాగూ వేగం అందుకోదు కాబట్టి వాళ్లకు వాచీ లెక్క అసలే పనికిరాదు.

ప్రాక్టీస్ ఇలా మార్చుకోండి. మడమ బిగుతు తగ్గుముఖం పట్టేదాకా ఎత్తులు వద్దు, చదును పరుగు చాలు. తర్వాత మొదటి మూడు వారాలు పైకి మాత్రమే పరుగెత్తండి, కిందికి నడిచి రండి. 4–5 శాతం వాలు, అంటే వంద మీటర్లకు నాలుగైదు మీటర్లు లేచే రోడ్డు ఎంచుకోండి. ఒక నిమిషం ఎక్కడం, నడిచి దిగడం, ఇలా నాలుగు సార్లు. వారానికొకటి పెంచండి. నాలుగో వారం నుంచి దిగుడు పరుగు చేర్చవచ్చు. అదీ 2–3 శాతం వాలులోనే, 30–40 సెకన్ల చొప్పున నాలుగు సార్లు. ఆ తర్వాత దిగిన మీటర్లు లెక్క రాసుకోండి. వాచీలోనో ఫోన్ యాప్‌లోనో ఈ అంకె ఉంటుంది. వారానికి 30 మీటర్ల దిగుడుతో మొదలుపెట్టి, తొడల నొప్పి రెండు రోజుల్లో పూర్తిగా పోతేనే మరో 20 మీటర్లు కలపండి. మూడో రోజుకూ మెట్లు దిగడం కష్టంగా ఉంటే మళ్లీ వారం అదే అంకె. పదో వారానికి 120–150 మీటర్లకు చేరితే మీ రేసుకు సరిపోతుంది.

దిగేటప్పుడు భయంతో నడుం వెనక్కి వాల్చి, కాలు ముందుకు చాచి మడమతో తన్నిపెట్టడమే అందరూ చేసే తప్పు. ప్రతి అడుగూ మోకాలిని ఎదురుతన్నుతుంది. అడుగు చిన్నది చేయండి, అడుగుల సంఖ్య పెంచండి. చదునులో నిమిషానికి 164 అడుగులు వేస్తుంటే దిగుడులో 172–178 ఉండాలి. మోకాలు కొంచెం వంగి ఉండగా పాదం ఒంటి కిందే పడాలి. ఎక్కేటప్పుడు నడుం దగ్గర వంగకండి, చీలమండ దగ్గర నుంచి మనిషంతా కాస్త ముందుకు వాలాలి.

ఘాట్‌రోడ్డు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు పొట్టిదైనట్టు పనిచేసి మోకాలి బయటి వైపు నొప్పి పుడుతుంది. బండ్లు లేని వేళ రోడ్డు మధ్య చదునుగా ఉన్నచోట పరుగెత్తండి. మలుపుల్లో మాత్రం ఎదురుగా వచ్చే బండి కనబడే అంచునే ఉండాలి. కంకర, నాచు ఉన్నచోట నడవండి. షూ ముందు భాగంలో వేలెడు ఖాళీ ఉండాలి, గోళ్లు కత్తిరించుకుని ఉండాలి. లేకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడుతుంది. మడమ నొప్పి ఉన్నన్నాళ్లూ మడమ ఎత్తు తక్కువగా ఉండే షూ వాడొద్దు.

వారానికి రెండు రోజులు, కొండకు ముందు రోజు కాకుండా, 15 సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలితో నిలబడి మూడు సెకన్లలో రెండో కాలిని నేలకు దించండి. ఎనిమిది చొప్పున మూడు సార్లు. అద్దం ముందు చేస్తే మోకాలు లోపలికి వాలుతోందో లేదో తెలుస్తుంది. వాలుతుంటే పిరుదు పక్క కండరం బలహీనంగా ఉన్నట్టే. పక్కకు పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం కలపండి.

నీళ్ల విషయంలో అతి వద్దు. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ సుమారు లీటరు చెమట పోయినట్టు. మీకు 1.3 కిలోలకు మించి తగ్గితే తాగింది చాలలేదని. బరువు పెరిగితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం, అప్పుడు రక్తంలో సోడియం పలచబడుతుంది. మీ మాత్ర సోడియాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి అది మరింత ప్రమాదం. తిండిలో మీ బరువుకు రోజుకు 80 గ్రాముల ప్రొటీన్ కావాలి, కిడ్నీ పరీక్ష బాగుంటేనే. కొండ పరుగు తర్వాత ఇడ్లీలతో సరిపెట్టుకోకుండా రెండు గుడ్లు, గ్లాసు పాలు కలపండి.

రేసుకు ముందు చివరి దిగుడు పరుగు 12–14 రోజుల ముందే పూర్తి కావాలి. కండరం మానడానికి వ్యవధి దొరుకుతుంది, అలవాటూ పోదు. రేసు రోజు మొదటి ఫ్లైఓవర్ దిగేటప్పుడు పక్కవాళ్లు దూసుకుపోతారు, మీరు అడుగులు చిన్నవిగానే ఉంచండి. మొదటి అయిదు కిలోమీటర్లలో దిగుడు మీద మిగిల్చుకున్న తొడ బలమే చివరి ఎత్తుల్లో అక్కరకొస్తుంది.