వెనక బండి మీదికొచ్చేస్తుంటే

అమ్మడూ,

కారు నేర్చుకున్నాక నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "వెనకవాడు మీదికొచ్చేస్తున్నాడు పెదనాన్నా, టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి." నీ భయంలో తప్పేమీ లేదు. వెనక బండి అంత దగ్గరికొస్తే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. కానీ ఆ కంగారులో చేసే పనులే ప్రాణం మీదికి తెస్తాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు లెక్క చూడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. ముందు బండి బ్రేక్ లైటు కంటపడి, సంగతి బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి ఒక సెకను, ఒక్కోసారి ఒకటిన్నర సెకను పడుతుంది. నీ వెనక పది మీటర్లలో వస్తున్నవాడు ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా సరే, నువ్వు ఉన్నట్టుండి బ్రేకు తొక్కితే అతను బ్రేకు అందుకునేలోపే మీ మధ్య ఖాళీ బాగా తగ్గిపోతుంది. అంటే నువ్వు గట్టిగా బ్రేకు వేయవన్న నమ్మకం ఒక్కటే అతన్ని కాపాడుతోంది, నిన్నూ కాపాడుతోంది.

కాబట్టి నీకు గట్టిగా బ్రేకు వేయాల్సిన అవసరమే రాకూడదు. అది నీ చేతిలో ఉన్న పనే. వెనక ఖాళీ నీ మాట వినదు, ముందు ఖాళీ వింటుంది. వెనకవాడు దగ్గరైనప్పుడు నువ్వు ముందు బండికి ఇంకా దూరం జరుగు. మామూలుగా రెండు సెకన్ల దూరం ఉంచమంటారు కదా, అప్పుడు నాలుగు చేసుకో. వాన పడుతుంటే ఎలాగూ నాలుగు ఉండాల్సిందే, ఇంకొంచెం పెంచు. కొలవడం సులువే. ముందు బండి ఒక స్తంభం దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని లెక్కపెట్టు. నువ్వు ఆ స్తంభం దగ్గరికి చేరేసరికి ఎంతవరకు లెక్కపెట్టావో అన్ని సెకన్ల దూరం ఉన్నట్టు.

ఆ ఖాళీ పెంచడానికి బ్రేకు వాడకు. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చెయ్యి, కొద్దిసేపట్లో దూరం అదే వస్తుంది. ముందు ఎవరైనా ఆగినా, ఏ కుక్కో అడ్డం వచ్చినా ఇప్పుడు నువ్వు నెమ్మదిగా, ముందుగానే బ్రేకు మీద కాలు పెట్టగలవు. నీకు దొరికిన ఆ రెండు సెకన్లు వెనకవాడికి కూడా దొరుకుతాయి. అతను అడగలేదు, అయినా నువ్విస్తున్నావు, ఎందుకంటే అతను గుద్దేది నీ బండినే.

దూరంగా సిగ్నల్ పడటమో స్పీడ్ బ్రేకరో కనిపిస్తే వేగం తగ్గించే ముందే బ్రేకు పెడల్‌ని ఒకటి రెండుసార్లు లైటు వెలిగేంతే తాకు. వెనకవాడికి కబురు అందుతుంది. అయితే ఒళ్ళుమండి, బుద్ధి చెబుదామని అతని ముందు సడన్ బ్రేకు వేసేవాళ్ళను చూస్తుంటాం. ఆ పని ఏనాడూ చెయ్యకు. రోడ్డు రవాణా మీద 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో వెనకవాడు తగినంత దూరం ఉంచాలని ఎంత స్పష్టంగా రాశారో, భద్రత కోసం తప్పనిసరైతే తప్ప ఎవరూ ఉన్నట్టుండి బ్రేకు వేయకూడదని కూడా అంత స్పష్టంగానే రాశారు. అయినా నీ వెనక సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారనుకో, ఆ దెబ్బ మొదట తగిలేది వాళ్ళకే.

ఇంకో పొరపాటు, వాడి తొందర చూసి మనమూ వేగం పెంచడం. పెంచి చూడు, అతను అంతే దగ్గరగా వస్తాడు, కాకపోతే ఇద్దరూ ఇంకా వేగంగా వెళ్తుంటారు. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. కాబట్టి ఆ దారి వద్దు. వీలున్న మొదటి చోట ఇండికేటర్ వేసి పక్క లేన్‌లోకి మారిపో, పోనివ్వు. ఒకే లేన్ రోడ్డయితే, బండి పూర్తిగా పక్కకు తీయగలిగే చోటు చూసి ఆగు. అతను దాటుతున్నప్పుడు నీ వేగం పెంచకు. దారి ఇస్తే చిన్నబోయినట్టు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు తల్లీ, ఆ పట్టుదలకు రోడ్డు మీద ఏ విలువా లేదు.

ఒక్కోసారి తప్పు మన వైపూ ఉంటుంది. వేగంగా వెళ్ళేవాళ్ళ లేన్‌లో నెమ్మదిగా పోతూ ఉన్నావేమో చూసుకో. పైగా వెనకవాడు ప్రతిసారీ నిన్ను బెదిరించాలనే రాడు. చాలామందికి అది అలవాటు, ఎంత దగ్గరగా ఉన్నామో వాళ్ళకు తెలియదు కూడా. ఒకడు ఆసుపత్రికి పరిగెడుతూ ఉండొచ్చు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది అద్దం. వెనక బండి లైట్లు అద్దం నిండా కనబడుతుంటే చూపు అక్కడే అతుక్కుపోతుంది, ముందు రోడ్డు మీద ఏం జరుగుతోందో కనబడదు. అద్దంలోకి ఒక్క చూపు, వెంటనే కళ్ళు ముందుకి. రాత్రిపూట హైబీమ్ కొడుతుంటే లోపలి అద్దం కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే వెలుగు మసకబారుతుంది. కొన్ని కార్లలో అది దానంతటదే అవుతుంది. లారీ విషయంలో ఒక్కటే గుర్తుపెట్టుకో. లారీ అద్దాల్లో డ్రైవర్ మొహం నీకు కనబడకపోతే నువ్వు అతనికి కనబడవు. లోడుతో ఉన్న లారీ మనలా చప్పున ఆగలేదు, దాని ముందుకు దూరి బ్రేకు వేయకు.

ఇక కోపంతో ఊగిపోయేవాళ్ళు. హారన్ మోగిస్తూ, చేతులు ఊపుతూ, అడ్డంగా కట్ కొడతారు. అతని వైపు చూడకు, సైగ చెయ్యకు, అద్దం దించకు. కట్ కొట్టి ముందుకొస్తే వెనక్కి తగ్గి నీ ఖాళీ నువ్వు మళ్ళీ సంపాదించుకో. నిన్ను వెంబడిస్తున్నాడనిపిస్తే ఇంటికి మాత్రం వెళ్ళకు, ఇల్లు చూపించినట్టవుతుంది. తలుపులు లాక్ చేసుకుని పోలీస్ స్టేషన్‌కో, జనం ఉన్న పెట్రోల్ బంక్‌కో పోనివ్వు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళచేత పోలీసులకు ఫోన్ చేయించు, బండి నంబరు రాయించు. మాట్లాడదాం దిగు అంటే దిగకు. సిగ్నల్ దగ్గర ఆగినా ముందు బండి వెనక టైర్లు నేలను తాకడం కనబడేంత దూరంలో ఆగు. అంత చోటుంటే పక్కకు తిప్పుకుని బయటపడొచ్చు. నీ వెనక ఇంకో బండి వచ్చి ఆగేదాకా బ్రేకు మీంచి కాలు తీయకు, లైటు వెలుగుతూనే ఉండాలి.

చివరగా సీటు. వెనకనుంచి గుద్దినప్పుడు ఒళ్ళు సీటుతోపాటు ముందుకు వెళ్తుంది, తల వెనక ఉండిపోతుంది, మెడ నలిగిపోతుంది. హెడ్‌రెస్ట్ ఉన్నది దానికే. దాని పైఅంచు నీ నడినెత్తికి సమానంగా, తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. మీ నాన్న ఎత్తుకు పెట్టి ఉంటుంది, రేపు బండి తీసే ముందు నీకు సరిపడా మార్చుకో. పక్క సీటుదీ చూడు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న