కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారి పొడిపొడిగా రాలుతోంది... ఇంట్లోనే తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 51. మాది విజయవాడ సింగ్‌నగర్. నేనూ మావారూ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పొద్దున్నుంచి రాత్రి దాకా కాళ్లు తడిలోనే ఉంటాయి. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. బీపీకి, కొలెస్ట్రాల్‌కి కూడా మాత్రలున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు రోజుల తరబడి ఆ నీళ్లలోనే తిరిగాం. ఆ తర్వాత కొన్నాళ్లకు కుడికాలి బొటనవేలి గోరు పసుపు రంగుకు తిరిగి, మందంగా అయి, గీరితే పొడిలా రాలుతోంది. ఇప్పుడు గోరు మొదలు దాకా పాకింది. ఎడమకాలికీ మొదలైంది. వెనిగర్ కలిపిన నీళ్లలో కాళ్లు పెట్టాను, నిమ్మరసం, పసుపు పట్టించాను, రాత్రిళ్లు విక్స్ రాశాను. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు కూడా వాడాను. మూడు నెలలైనా గోరు అలాగే ఉంది. మాత్రలు వాడితే లివర్ పాడవుతుందని మా ఆడపడుచు అంటోంది. ఇంట్లోనే తగ్గే దారి ఏదైనా చెప్పండి.
– ఓ పాఠకురాలు, విజయవాడ

డాక్టర్ సలహా: మీరు రాసినదాన్నిబట్టి ఇది పిప్పిగోరు, అంటే గోటికి పట్టిన ఫంగస్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే మూడు నెలలైనా గోరు మారలేదని రాశారు కదా, ముందు ఆ సంగతి చెప్పాలి. ఎంత మంచి మందు వాడినా మూడు నెలల్లో బొటనవేలి గోరు బాగుపడదు. ఒకసారి చెడిన గోరు మళ్లీ మంచి గోరు కాదు. మొదట్లోంచి కొత్త గోరు పుట్టి, పాతదాన్ని ముందుకు తోసుకుంటూ రావాలి. చెడిన భాగాన్ని మనం కత్తిరించుకుంటూ పోవాలి. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది.

అందుకని మందు పనిచేస్తోందో లేదో గోరు చివర చూస్తే తెలియదు. చర్మంలోంచి గోరు బయటికొచ్చే చోట చూడండి. అక్కడ నున్నగా, లేత గులాబీ రంగులో సన్నని చార కనిపించి, అది నెలనెలా వెడల్పవుతుంటే మందు పనిచేస్తున్నట్టే. ప్రతి నెలా ఒకటో తారీఖున పగటి వెలుతురులో ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. రోజూ చూసే కంటికి తెలియని తేడా ఆ ఫొటోల్లో తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ తేడా చూడకే సగంలో మందు మానేస్తుంటారు. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక అసలు ఫంగసేనా అన్నది తేల్చుకోవాలి. పసుపుపచ్చగా మందంగా మారిన గోళ్లలో దాదాపు సగం మాత్రమే ఫంగస్ వల్ల వచ్చినవి. సోరియాసిస్ అనే చర్మజబ్బులోనూ గోళ్లు ఇలాగే అవుతాయి, కాకపోతే దాంట్లో చేతిగోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు కూడా కనిపిస్తుంటాయి. బిగుతు చెప్పులు ఏళ్ల తరబడి ఒత్తినా గోరు మందమవుతుంది. ఇవేవీ ఫంగస్ మందులకు తగ్గవు. పరీక్ష చిన్నదే. గోటి కింద పేరుకున్న పొడిని గీరి తీసి, కేఓహెచ్ అనే ద్రవంలో నానబెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అవసరమైతే కల్చర్‌కి, అంటే ల్యాబులో ఫంగస్‌ని పెంచి చూసే పరీక్షకి పంపుతారు, దాని రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుంది. మన ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) చర్మవ్యాధుల విభాగానికి వెళ్లినా సరే, మీకు దగ్గర్లోని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లినా సరే. గోళ్లరంగు ఉంటే తీసేసి వెళ్లండి, ఏయే మందులు ఎప్పటిదాకా రాశారో చెప్పండి. ఫంగస్ మందు రాస్తూ వెళ్తే పరీక్షలో ఏమీ లేదని తప్పుగా రావచ్చు.

వరద గురించి రాశారు. తడికి నానిన చర్మంలోకి ఫంగస్ తేలిగ్గా దిగుతుంది, ఆ మాట నిజం. కానీ వరద తగ్గాక ఇంటి గోడలకు పట్టిన బూజు వేరు, ఇది వేరు. గోటికి పట్టే రకం మన చర్మం, గోరు తిని బతుకుతుంది. ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి అంటుకుంటుంది. మామూలుగా ముందు వేళ్ల సందుల్లో పట్టి, తర్వాత మెల్లగా గోటి కిందికి పాకుతుంది. ఇవాళే చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య విడదీసి చూసుకోండి. చర్మం తెల్లగా పాచిపోయి పొట్టు లేస్తుంటే ఫంగస్ ఇంకా అక్కడ ఉన్నట్టే. గోటికి ఎంత చేసినా ఆ సందులోంచి మళ్లీ వస్తూనే ఉంటుంది. రోజంతా గిన్నెలు, నీళ్లు, గంజి మధ్య నిలబడేవాళ్లకు ఇది చాలా మామూలు. మీ వారి కాళ్లూ చూడండి. ఆయనకూ ఉంటే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి.

మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు మీద పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, మోమెటసోన్ లాంటి పేరు ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. దాన్ని వెంటనే ఆపేయండి. స్టెరాయిడ్ రాస్తే రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం బలుస్తుంది. మన దగ్గర తామర ఇంత మొండిగా తయారవడానికి ఈ కలగలుపు ట్యూబులు ఒక పెద్ద కారణం. వేళ్ల సందుల్లో రాయడానికి స్టెరాయిడ్ లేని టెర్బినాఫిన్ క్రీమ్ చాలు, కనీసం రెండు వారాలైనా వాడాలి. గోటి మీద మాత్రం ఏ క్రీమ్ రాసినా లోపలికి దిగదు.

వెనిగర్, నిమ్మరసం, పసుపు కూడా అంతే, పైపైనే ఉండిపోతాయి. విక్స్ గురించి అమెరికాలో 18 మందితో ఒక చిన్న పరిశీలన జరిగింది. దాదాపు ఏడాది రాసినవాళ్లలో అయిదుగురికి పూర్తిగా తగ్గింది. అంత తక్కువమందిని చూసి ఇది మందు అని చెప్పలేం. చర్మం మండకపోతే రాసుకోవడంలో పెద్ద హాని లేదు, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. గోరింటాకు పెట్టుకుంటే గోరు రంగు మారి లోపల ఏం జరుగుతోందో కనిపించకుండా పోతుంది కాబట్టి ప్రస్తుతానికి మానండి. కొందరు బాత్రూమ్ యాసిడ్ చుక్కలు వేసుకుంటారు, బ్లేడుతో గోటి కింద గీకుతారు. షుగర్ ఉన్న మీరు ఆ పని కలలో కూడా చేయకండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టడం కూడా మానండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గితే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియదు, బొబ్బలెక్కాకే చూసుకుంటారు. మందమైన గోరు పక్కన చర్మంలో గుచ్చుకుని చిన్న గాయమైనా మీకు అది పుండుగా మారొచ్చు. ఇంటి వైద్యంతోనే సరిపెట్టుకోవద్దని మీకు గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

గోటి చివర కొంచెమే చెడి, ఒకటి రెండు గోళ్లకే ఉంటే పైన రాసే గోళ్లరంగులాంటి మందు, అంటే 5 శాతం అమోరాల్ఫిన్, వారానికోసారి పూసుకుంటూ ఏడాది పాటు చూడొచ్చు. మీకు మొదలు దాకా వెళ్లింది కాబట్టి అదొక్కటే చాలదు. పరీక్షలో ఫంగస్ అని తేలితే మామూలుగా టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున 12 వారాలు ఇస్తారు. ఇట్రాకొనజోల్ అనే మరో మందు ఉంది గానీ, అది కొలెస్ట్రాల్, బీపీ మాత్రల్లో కొన్నింటితో పడదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. మీ బీపీ మాత్ర మెటోప్రొలాల్ అయితే టెర్బినాఫిన్‌తోనూ జాగ్రత్త కావాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

మీ ఆడపడుచు భయంలో కొంత నిజం ఉంది. చాలా అరుదుగా టెర్బినాఫిన్ లివర్‌ని దెబ్బతీస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు లివర్ రక్తపరీక్ష చేస్తారు, ముందే లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. లివర్ బాగున్నవాళ్లలో ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండా కోర్సు పూర్తిచేస్తారు. ఆకలి చచ్చిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పుట్టినా మాత్ర ఆపి అదేరోజు డాక్టర్‌కి చూపించండి. ఇంకోటి, మీ వృత్తికి సంబంధించింది. కొద్దిమందిలో ఈ మందు నాలుక రుచిని తగ్గిస్తుంది. కూరలో ఉప్పు సరిపోయిందని మీకు అనిపించినా, కొనేవాళ్లు ఎక్కువైందని అంటుంటే మందును అనుమానించండి, డాక్టర్‌కి చెప్పండి. ఆపాక చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో రుచి తిరిగొస్తుంది. 12 వారాలు అయిపోయినా గోరు సగం పాతదే ఉంటుంది. కంగారుపడి మీ అంతట మీరు ఇంకో రెండు నెలలు మాత్రలు కొనుక్కోకండి. మందు గోటిలో కొన్ని నెలలు నిలిచి పనిచేస్తూనే ఉంటుంది.

ఇంట్లో మీరు చేయాల్సిన పనులూ ఉన్నాయి, అవి మందంత ముఖ్యం. స్నానం అయ్యాక గోరు మెత్తబడినప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి, మూలల్లోకి తవ్వొద్దు. మందంగా ఉన్నచోట ఆకురాయితో పైపైన అరగదీయండి. కాళ్లలో స్పర్శ తగ్గినా, చూపు సరిగా ఆనకపోయినా ఆ పని ఇంట్లో ఇంకొకరితో చేయించుకోండి. ఆ నెయిల్ కట్టర్ మీ ఒక్కరికే ఉంచండి. కొట్లో నేల మీద నీళ్లు నిలవకుండా చూసుకుని, వెనుక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. మధ్యాహ్నం బేరం తగ్గినప్పుడు ఒకసారి కాళ్లు కడిగి, వేళ్ల సందులు పాత నూలుగుడ్డతో పొడిగా ఒత్తుకోండి. చెప్పులు రెండు జతలు పెట్టుకుని ఒకటి ఎండలో ఆరుతుంటే ఇంకోటి వేసుకోండి. రోజూ పడుకునే ముందు అరికాళ్లు, సందులు చూసుకోండి, అరికాలు కనిపించకపోతే అద్దం నేల మీద పెట్టి చూసుకోండి.

వేలు ఎర్రబడి వాచినా, చీము కారినా, ఎరుపు పాదం మీదికి పాకుతున్నా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గోటి కింద దెబ్బ తగలకుండా నల్లటి గీత ఏర్పడి వెడల్పవుతుంటే దాన్ని ఫంగస్ అనుకోవద్దు, అది కూడా చర్మవైద్యులకు చూపించాల్సిందే.